ఆరేళ్ళు పట్టిన ఆట

జపాను దేశంలో క్యోటో అనే పాత నగరం ఉన్నది. అక్కడి నింటెండో కంపెనీ 1889లో పేకముక్కల వ్యాపారంతో మొదలై, తరవాత వీడియో ఆటలలో దిగింది.

1986 ఫిబ్రవరిలో ఆ కంపెనీ "లెజెండ్ ఆఫ్ జెల్డా" అనే ఆట విడుదల చేసింది. లింక్ అనే కుర్రవాడు కత్తి చేతబట్టి, కొండలూ గుహలూ గాలించి, జెల్డా రాకుమారిని రాక్షసుడి చెర నుంచి విడిపించాలి. దీని రెండవ భాగం 1987 జనవరిలోనే వచ్చేసింది. పట్టుమని పదకొండు నెలలైనా నిండలేదు!

అదే వరసలో 2017 మార్చిలో "బ్రెత్ ఆఫ్ ద వైల్డ్" వచ్చింది. దాని తరువాయి భాగం "టియర్స్ ఆఫ్ ద కింగ్‌డమ్" 2023 మే నెలలో గాని రాలేదు. అది ఆడినప్పుడు రెండో తరగతిలో ఉన్న పిల్లవాడు ఇది వచ్చేసరికి ఎనిమిదో తరగతికి వచ్చి ఉంటాడు. రాజ్యం పాతదే, లింక్ పాతవాడే, ఆట ఆడే యంత్రం కూడా పాతదే. మరి ఇంత ఆలస్యం ఎందుకైంది?

ఆట పెద్దదన్నమాట నిజమే. 1986 నాటి ఆట 112 కిలోబైట్ల డిస్కులో ఇమిడింది. 2023 నాటి దానికి 16 గిగాబైట్లకు పైగా చోటు కావాలి. అంటే లక్ష రెట్లు దాటిందన్నమాట. పాత నేలకు తోడు ఆకాశంలో తేలే దీవులనూ, నేల కింద చీకటి లోకాన్నీ కొత్తగా చేర్చారు. అయితే అసలు చిక్కు మరొకచోట వచ్చింది.

ఈ ఆటలో లింక్‌కు ఒక కొత్త శక్తి ఉన్నది. చాలా వస్తువులను ఎత్తి, ఒకదానికొకటి అతికించగలడు. దుంగలు కలిపితే తెప్ప అవుతుంది. పలకకు చక్రాలు తగిలిస్తే బండి. రెక్కకు పంకా బిగిస్తే విమానమే!

నిజమైన దుంగను చెరువులో వేస్తే ఎవరూ చెప్పకుండానే తేలుతుంది. కంప్యూటరులోని దుంగకు ఆ సంగతి తెలియదు. దాని బరువెంత, నీటిలో ఎంత మునుగుతుంది, దేనికైనా తగిలితే ఎటు ఒరుగుతుంది — ఇవన్నీ లెక్కలుగా రాసిపెట్టాలి. ఇదివరకు కోటతలుపు లేవాలంటే "ఇంత ఎత్తు లే" అని ఒక ఆజ్ఞ ఇస్తే సరిపోయేది. ఇప్పుడు ఆడేవాడు దానికి ఒక పెట్టె అడ్డం పెడితే? తలుపు పెట్టెలోంచి దూసుకుపోతుంది! అందుచేత తలుపుకు కూడా బరువూ, పళ్ళచక్రాలూ అమర్చి, అడ్డం తగిలితే నిజం తలుపులాగే ఆగేటట్టు చేయవలసివచ్చింది. ఇలా ఒక్కొక్క వస్తువునూ సరిచేస్తూ పోయారు. ఆ రోజుల్లో పనిచేసేచోట ఏదో విరిగిందనీ, ఏదో ఎగిరిపోయిందనీ రోజూ కేకలే వినిపించేవట.

2022 మార్చి నాటికి ఆట దాదాపు పూర్తి అయింది. ఆ ఏడే వస్తుందని అందరూ ఆశపడ్డారు. సరిగా అప్పుడే నిర్మాత అయొనుమా అది 2023 వసంతానికి గాని రాదని ప్రకటించాడు. ఎదురుచూస్తున్నవాళ్ళు ఉసూరుమన్నారు. జీతాలిస్తూ, చేతికి వచ్చిన సరుకును ఏడాదిపాటు ఇంట్లో ఉంచుకోవటం ఏ వ్యాపారికీ తేలిక కాదు. ఆ ఏడాదంతా అతికించిన వస్తువులు సరిగా నడుస్తున్నాయో లేదో పరీక్షించి, లోపాలు దిద్దారు.

విడుదలైన మూడు రోజుల్లో కోటికి పైగా ప్రతులు అమ్ముడుపోయాయి. కొందరైతే కథను పక్కన పెట్టి, నిప్పులు కక్కే మరమనుషులను కట్టటంలో మునిగిపోయారు. రాకుమారిని వెతకటం ఆ తరవాతి సంగతి!