సగటు మెదడు ఎవరిది?

మెదడు మీద పనిచేసేవాళ్లు ఏళ్ల తరబడి దారి చూసుకున్న పటం ఒకటుంది. తలైరాక్, తూర్నూ అనే ఫ్రెంచివాళ్లు 1988లో వెలువరించిన ఆ అట్లాసుకు ఆధారం ఒకే ఒక్క మెదడు, చనిపోయిన ఒక అరవయ్యేళ్ల మహిళది. తర్వాత కెనడాలోని మాంట్రియల్‌లో 152 మంది స్కాన్లు కలిపి సగటు పటం తయారుచేశారు. మరి హైదరాబాద్ అంబర్‌పేట్ మనిషి తలకు ఆ కొలతలు సరిపోతాయా?

ఉస్మానియా క్యాంపస్ దాటి తార్నాక, హబ్సిగూడ వైపు వెళ్తే పోషకాహారం మీదా, జీవకణాల మీదా పరిశోధించే పెద్ద సంస్థలున్నాయి. ఈ ప్రశ్నను పట్టుకున్నది మాత్రం నగరం ఆ చివరన గచ్చిబౌలిలోని ట్రిపుల్ ఐటీ. అక్కడ జయంతి శివస్వామి బృందం తిరువనంతపురంలోని శ్రీచిత్ర సంస్థతో కలిసి, ఆరోగ్యవంతులైన 100 మంది యువతీ యువకుల ఎం.ఆర్.ఐ. స్కాన్లతో 2019లో భారతీయ మెదడు అట్లాసును ప్రకటించింది. పాశ్చాత్యుల సగటుతో పోలిస్తే మన సగటు మెదడు పొడవు, వెడల్పు, ఎత్తు కాస్త తక్కువని తేలింది. దీనికీ తెలివికీ ముడిపెట్టకూడదు. కొలబద్ద మారితే రోగాన్ని గుర్తించడం మారుతుంది, అసలు విషయం అది.

పైకొలతలోనే తేడా ఉంటే, లోతుల్లో ఇంకా చిక్కు. తల వెనక కింద ఉండే చిన్నమెదడు బరువులో మొత్తం మెదడులో సుమారు పదోవంతే. కానీ దాదాపు 8,600 కోట్ల నాడీకణాల్లో 6,900 కోట్లు దానివే. ఇన్ని కణాలు లెక్కగట్టిన ఫలితం బయటికి వెళ్లే దారి మాత్రం చాలా ఇరుకు. చిన్నమెదడు తెల్లపదార్థం మధ్యలో ఇరువైపులా నాలుగేసి కేంద్రకాలు, అంటే నాడీకణాల గుంపులు, ఉన్నాయి: డెంటేట్, ఎంబోలిఫాం, గ్లోబోస్, ఫాస్టిజియల్. అడుగు తడబడకుండా వేయడం, గ్లాసు తొణకకుండా అందుకోవడం, మాట స్పష్టంగా పలకడం, వీటన్నిటి సవరణలూ దాదాపుగా ఆ గుంపుల మీదుగానే సాగాలి.

వీటిలో పెద్దది డెంటేట్, మూతి మధ్యకు తెరుచుకున్న ముడతల సంచిలా ఉంటుంది. ఆ ముడతల లోతు, సంచి పరిమాణం మనిషి మనిషికీ మారతాయి. గ్లోబోస్ ఒక్క ముద్దగా కాక చిన్న చిన్న గుంపులుగా విడిపోయి ఉండవచ్చు. ఎంబోలిఫాం ఎక్కడ ఆగి డెంటేట్ ఎక్కడ మొదలవుతుందో సూక్ష్మదర్శినిలో కూడా కొన్నిచోట్ల గీత గీయలేం.

మామూలు స్కాన్లో ఇవి సరిగా కనిపించవు. అదృష్టవశాత్తూ డెంటేట్‌లో ఇనుము ఎక్కువ. దాన్ని పసిగట్టే ప్రత్యేక స్కాన్లో అది నల్లగా తేలుతుంది. ఆ ఇనుము వయసుతో పాటు పెరుగుతుంది కాబట్టి ఇరవయ్యేళ్ల వాళ్ల చిత్రంతో డెబ్భై ఏళ్ల మనిషిని పోల్చి చూడటం పొరపాటు.

ఇదంతా గ్రంథాలకే పరిమితమైన సంగతి కాదు. విరేచనాలకు మనకు బాగా తెలిసిన మెట్రోనిడజోల్‌ను మరీ ఎక్కువకాలం వాడితే, అరుదుగా రెండువైపులా డెంటేట్ దెబ్బతిని నడక తూలుతుంది, మాట ముద్దగా వస్తుంది. మందు ఆపితే చాలామంది కోలుకుంటారు. పిల్లల చిన్నమెదడు గడ్డను తీసేటప్పుడు డెంటేట్‌కో, దాని నుంచి పైకి వెళ్లే నాడీమార్గానికో గాయమైతే కొందరు వారాల తరబడి మాట కోల్పోతారు. ఆ శస్త్రచికిత్సకు ముందు సగటు పటం చాలదు, ఆ బిడ్డ స్కానే కావాలి. ఆ స్కాన్లో ఏది మామూలు తేడా, ఏది రోగమో చెప్పాలంటే మన పిల్లలవీ, పెద్దవాళ్లవీ ఇనుమును చూపే స్కాన్లతో చేసిన పటాలు చేతిలో ఉండాలి.