ఆగని మూర్ఛకు తొలి నిమిషాలలోనే మందు అవసరం

ములుగు పట్టణం నుండి వరంగల్ ఎం.జి.ఎం. ఆసుపత్రికి సుమారు 50 కిలోమీటర్లు, ఏటూరునాగారం నుండి దాదాపు 100 కిలోమీటర్ల దూరం ఉన్నది. మూర్ఛ ఆగని రోగికి ఈ ప్రయాణ కాలమే ప్రమాదకరం. అందుచేత తొలి మోతాదు మందు 108 వాహనంలోనో, సమీప ప్రాథమిక ఆరోగ్య కేంద్రంలోనో అందవలసి ఉన్నది.

సాధారణంగా మూర్ఛ రెండు మూడు నిమిషాలలో దానంతట అదే తగ్గుతుంది. 5 నిమిషాలు దాటినా ఆగకపోతే, లేదా తెలివి రాకుండానే మరల మరల వస్తే అది అత్యవసర పరిస్థితి. పూర్వం ఈ గడువును 30 నిమిషాలుగా లెక్కించేవారు. ఆలస్యమైన కొద్దీ మెదడు కణాలపై మందు పనిచేసే గ్రాహకాలు లోనికి ముడుచుకుపోవుట వలన అదే మందు అంతగా ఫలించదు.

తొలి మందులు మిడజోలామ్, లొరాజెపామ్, డయజెపామ్. లొరాజెపామ్‌ను నరానికి ఇవ్వాలి, ఇంజక్షన్‌ను శీతల పెట్టెలో నిల్వ చేయాలి. కొట్టుకొంటున్న చేతిలో నరం దొరకుట తేలిక కాదు. మిడజోలామ్‌ను కండకు, ముక్కులో, చెంప లోపల కూడా ఇవ్వవచ్చు. 40 కిలోలు దాటిన వారికి కండకు 10 మిల్లీగ్రాములు, 13 నుండి 40 కిలోల వారికి 5 మిల్లీగ్రాములు. 2012లో వెలువడిన అమెరికా పరిశోధనలో అంబులెన్స్ సిబ్బంది ఈ విధంగా ఇచ్చినపుడు 73 శాతం మందికి ఆసుపత్రి చేరేలోగా మూర్ఛ ఆగినది. నరానికి లొరాజెపామ్ ఇచ్చిన వారిలో ఇది 63 శాతమే. ఏజెన్సీ ప్రాంతానికి ఏది అనుకూలమో వేరుగా చెప్పనక్కరలేదు. అయితే శ్వాస మందగించే అవకాశం ఉన్నందున ఆక్సిజన్, అంబూ బ్యాగ్ దగ్గర ఉండాలి.

తొలి మందుకు లొంగనిచో లెవెటిరాసెటామ్, ఫాస్ఫెనిటోయిన్, వాల్‌ప్రోయేట్‌లలో ఒకటి నరం ద్వారా ఇస్తారు. 2019 నాటి పరిశోధనలో మూడూ దాదాపు సగం మందిలో సమానంగా పనిచేసినవి. రక్తంలో చక్కెరను వెంటనే పరీక్షించాలి. జ్వరంతో మూర్ఛ వచ్చిన వారికి మలేరియా పరీక్ష తప్పనిసరి. నిండు నెలల గర్భిణికి బి.పి. పెరిగి మూర్ఛ వస్తే తొలి మందు మాగ్నీషియం సల్ఫేట్ అని సిబ్బంది మరువరాదు.

బంధువులు గడియారం చూసి సమయం గుర్తించాలి. రోగిని పక్కకు తిప్పి పడుకోబెట్టాలి. చేతిలో తాళంచెవుల గుత్తి పెట్టుట, నోట్లో చెంచా దూర్చుట, నీళ్లు పోయుట తగదు. 5 నిమిషాల వరకు వేచి చూడక, తొలిసారి మూర్ఛ వచ్చినా, గర్భిణికి వచ్చినా వెంటనే 108కి ఫోన్ చేయాలి.