సముద్రము వేడెక్కినచో సీలు కూన కేమగును?

ఉదయము మందతో మేతకు వెళ్లిన ఆవు సాయంకాలము తిరిగి వచ్చువరకు దూడ కొట్టములో ఎదురుచూచుచుండును. వానలు పడిన యేడు ఊరి పొలిమేరలోనే పచ్చిక దొరకును. ఆవు ప్రొద్దు క్రుంకకముందే ఇల్లు చేరి పాలు చేపును. కరువు యేడు అది దూరము పోవలెను. తిరిగి వచ్చుసరికి చీకటిపడును, పొదుగున పాలును తక్కువే. దూడ బలము పచ్చికను బట్టి యుండునని పల్లెటూరి పిల్లవానికి వేరుగ చెప్పనక్కరలేదు. ఇట్టి సంబంధమే తీరపు రాళ్లమీద పడియుండు సీలు కూనకును, దూరమున సముద్రములో తిరుగు చేపకును నడుమ కలదు.

సీళ్లు చేపలు కావు. ఆవువలె క్షీరదములు, ఊపిరితిత్తులతో గాలి పీల్చును, పిల్లలకు పాలిచ్చి పెంచును. మన తీరములందు సీళ్లు లేవు. వానిలో ఎక్కువ జాతులు చల్లని సముద్రములలో నివసించును. వాని ఆహారమంతయు నీటిలోనే యున్నది. కాని ఈనుటకును, పాలిచ్చుటకును అవి సామాన్యముగా గట్టుమీదికో, మంచుపలకల మీదికో రాక తప్పదు. తిండి యొకచోట, బిడ్డ యొకచోట! ఈ చిక్కును సీళ్లు రెండు విధములుగా పరిష్కరించుకొన్నవి.

రెండు విధముల తల్లులు

మొదటి విధము నిలువచేసికొనుట. చెవిడొప్పలు లేని నిజ సీళ్లలో పెక్కింటి పద్ధతి ఇది. ఈనుటకు ముందు తల్లి నెలల తరబడి తిని, చర్మము క్రింద మందమైన క్రొవ్వుపొరను కూడబెట్టుకొనును. ఆ క్రొవ్వునే పాలుగా మార్చి కొద్దికాలములో కూనచేత త్రాగించును. ఉత్తర అట్లాంటిక్ మంచుమీద ఈనెడి హుడెడ్ సీలు పాలిచ్చునది కేవలము 4 దినములు. మన గేదెపాలలో నూటికి సుమారు 7 పాళ్లు వెన్న యుండగా, ఆ సీలు పాలలో సుమారు 60 పాళ్లు క్రొవ్వే. ఆ నాలుగు దినములలో కూన బరువు రెట్టింపగును.

రెండవ విధము ఏనాటికానాడు సంపాదించుట. చిన్న చెవిడొప్పలు గల బొచ్చు సీళ్లు, సముద్ర సింహములు ఈ వర్గమునకు చెందినవి. ఇవి నెలల తరబడి, కొన్ని జాతులలో సంవత్సరముల తరబడి పాలిచ్చును. అంతకాలము ఉపవాసముండుట అసాధ్యము. కనుక తల్లి కూనను గట్టున విడిచి సముద్రములోనికి పోవును, తిని వచ్చి పాలిచ్చును, మరల పోవును.

మొదటి తల్లి గాదె నింపుకొన్న రైతువంటిది, రెండవది దినకూలివంటిది. పని దొరకని వారమే దినకూలి యింట పొయ్యి ఆరిపోవును. కనుక సముద్రము మారినప్పుడు పాలిచ్చు తల్లికి కలుగు కష్టము రెండవ వర్గములో స్పష్టముగా, త్వరగా కనిపించును.

భూమధ్యరేఖ మీద చల్లని నీరు

ఇందుకు మంచి ఉదాహరణము గాలపగోస్ దీవుల బొచ్చు సీలు. ఈ దీవులు దక్షిణ అమెరికాలోని ఈక్వడార్ తీరమునకు పడమరగా, సుమారు 1000 కిలోమీటర్ల దూరమున, సరిగా భూమధ్యరేఖ మీద నున్నవి. అట్టి ఉష్ణమండలమున సీలు ఎట్లు బ్రతుకుచున్నది? కారణము సముద్రపు లోతులలో నున్నది.

సామాన్యముగా పసిఫిక్ మహాసముద్రముపై వ్యాపార పవనములు తూర్పునుండి పడమరకు వీచును. అవి పైనున్న వెచ్చని నీటిని పడమరకు నెట్టుకొనిపోవుటచే, తూర్పున చల్లని నీరు ఉపరితలమునకు దగ్గరగా వచ్చును. మరియు సముద్రగర్భమున పడమరనుండి తూర్పునకు ప్రవహించు చల్లని ప్రవాహమొకటి గాలపగోస్ దీవులను ఢీకొని పైకి లేచును. ఆ నీటితోపాటు నైట్రేట్లు, ఫాస్ఫేట్లు వెలుతురులోనికి వచ్చును. పొలమునకు ఎరువు ఎట్లో సముద్రమునకు ఇవి అట్లు. వీనివలన వృక్ష ప్లవకములు, అనగా నీటిలో తేలియాడు సూక్ష్మమైన మొక్కలు, వృద్ధిపొందును. వానిని చిన్న జంతువులు తినును. ఆ జంతువులను చేపలు, స్క్విడ్లు తినును. వీనిని సీలు తినును.

ఈ సీలు వేట రాత్రివేళ జరుగును. పగలు లోతున దాగియుండు చిరుచేపలు చీకటిపడగానే పైకి వచ్చును. వెన్నెల కాయు రాత్రులలో అంతగా పైకి రావు. అందుచేతనే పున్నమి దినములలో గట్టుమీద సీళ్లు ఎక్కువగా కనిపించును. చేప ఎంత లోతున నున్నదన్న విషయము సీలు సంసారమును ఎంతగా శాసించునో దీనివలన తెలియుచున్నది.

తల్లి ఈనిన తరువాత సుమారు వారము దినములు కూనను వదలదు. పిమ్మట వేటకు పోవుట ప్రారంభించును. మంచి కాలములో ఒకటి రెండు దినములలో తిరిగి వచ్చి తీరమున నిలిచి పిలుచును. ఎన్నో కూనలున్నను, ఆ గొంతు గుర్తుపట్టి బదులు పలుకునది తన కూనయే.

బాలుని పేరిటి ఉపద్రవము

కొన్ని సంవత్సరములకొకసారి వ్యాపార పవనములు బలహీనపడును. అప్పుడు పడమటి వెచ్చని నీరు తూర్పునకు వ్యాపించి, చల్లని నీటిపై మందమైన దుప్పటివలె పరచుకొనును. క్రిందినుండి ఎరువు పైకి రాదు, ప్లవకములు క్షీణించును, చేపలు లోతునకో, దూరమునకో పోవును. క్రిస్మస్ కాలమున కనబడుటచే పెరూ జాలరులు ఈ వెచ్చని నీటికి బాల యేసును తలచుచు ‘ఎల్ నినో’, అనగా బాలుడు, అని పేరు పెట్టిరి.

1982–83లో వచ్చిన ఎల్ నినో మిక్కిలి తీవ్రమైనది. అప్పటికే గాలపగోస్ సీళ్లను పరిశీలించుచుండిన జర్మను శాస్త్రజ్ఞుడు ఫ్రిట్జ్ ట్రిల్మిష్, ఆయన సహచరులు దాని ఫలితమును కన్నులార చూచిరి. తల్లులు వేటకు పోయి దినముల తరబడి తిరిగి రాలేదు. వచ్చినవియు చిక్కిపోయి వచ్చినవి. 1982లో పుట్టిన కూనలలో బ్రతికి బయటపడినవి దాదాపు లేవు. అంతకుముందు రెండేండ్లలో పుట్టిన పిల్లలును చాలవరకు నశించినవి. పెద్ద మగ సీళ్లలో అధికభాగము చనిపోయినది.

ఆలస్యము ఎంత హానికరమో ఒక చిన్న లెక్కవలన గ్రహింపవచ్చును. తల్లి ఒకటిన్నర దినము సముద్రములో, ఒక దినము గట్టుమీద ఉన్నదనుకొందము. 30 దినములలో అది 12 సార్లు వచ్చును. చేపలు దూరమై వేటకు 5 దినములు పట్టినచో, 30 దినములలో వచ్చునది 5 సార్లే. ఒక్కొక్క రాకలో ఇచ్చు పాలు తగ్గకున్నను కూనకు దొరకు ఆహారము సగముకంటె తక్కువైపోవును. పుట్టినపుడు 3, 4 కిలోగ్రాముల బరువుండు కూనకు క్రొవ్వునిలువ స్వల్పము. ఆ నిలువ కరగిపోవుటకును తల్లి వచ్చుటకును జరుగు పందెములో దాని ప్రాణము నిలిచియుండును.

ప్రకృతి ఈ జాతికి కొంత సర్దుబాటు నేర్పినది. మంచి సంవత్సరములలో కూన రెండవ యేట పాలు మానును. చెడ్డ కాలములో మూడవ యేటివరకు కుడుచుచునే యుండును. కాని దీనికిని వెల యున్నది. పెద్దది పాలు మానకముందే తల్లి మరల ఈనినచో, ఆ కొత్త కూనకు పాలు చాలక తరచుగా చనిపోవును. ఒక దుర్భిక్షము రెండు కాన్పుల మీద పడుచున్నదన్నమాట.

ఇతర తీరములలో

కాలిఫోర్నియా తీరమున 2015లో సముద్రము అసాధారణముగా వేడెక్కినది. ఆ యేడు మొదటి ఐదు నెలలలో 3 వేలకు పైగా సముద్ర సింహపు పిల్లలు ఎముకలగూడులై ఒడ్డునకు కొట్టుకొని వచ్చినవి. నిలువచేసికొను తల్లులకు మాత్రము కష్టములు లేవా? కెనడా తూర్పు తీరమున హార్ప్ సీలు మంచుపలకల మీద ఈని సుమారు 12 దినములు పాలిచ్చును. మంచు పలుచనై ముందుగా పగిలిన సంవత్సరములలో, ఇంకను ఈత సరిగా రాని కూనలు పెక్కు నీటిపాలగును. ఇచట లోపించినది తిండి కాదు, పాలిచ్చుటకు నిలుకడయైన చోటు.

సీలు చెప్పు సమాచారము

సముద్రగర్భమున చేపల స్థితిని నేరుగా లెక్కించుట కష్టము. కాని తల్లి సీలు ఎన్ని దినములకు తిరిగి వచ్చినది, కూన ఎంత బరువు పెరిగినది అను రెండు విషయములు గట్టుమీద నిలిచి తెలిసికొనవచ్చును. అంటార్కిటికా సముద్రజీవులను సంరక్షించు అంతర్జాతీయ సంఘము ఈ రెండు కొలతలను తన పరిశీలన పద్ధతులలో చేర్చినది. సీలు వీపున అతికించు చిన్న పరికరములు అది ఎంత లోతునకు, ఎంతసేపు మునిగినదో నమోదు చేయును.

ఈ కథ మనకు దూరమైనది కాదు. 1904లో భారత వాతావరణ శాఖాధిపతియైన గిల్బర్ట్ వాకర్, మన ఋతుపవనములను ముందుగా తెలిసికొను ప్రయత్నములో పసిఫిక్, హిందూ మహాసముద్రములపై వాయుపీడనము తూగుటుయ్యెలవలె మారుచుండుటను గుర్తించెను. ఎల్ నినో ఆ ఊగులాటతో ముడిపడినదే యని తరువాత తేలినది. ఎల్ నినో వచ్చిన ప్రతి యేడును మనకు అనావృష్టి కలుగదు. కాని 2009, 2015 సంవత్సరములలో వలె వానలు కొరవడుట తరచుగా జరుగుచున్నది.

ఎల్ నినో కొత్తది కాదు. సీళ్లు ఎన్నో ఎల్ నినోలను దాటి వచ్చినవి. కష్టకాలమునకు పిమ్మట మంచి సంవత్సరములు చాలినన్ని వచ్చుటయే ఇందుకు కారణము. ఏటికొక్క కూనను మాత్రమే కని, దానిని రెండు మూడేండ్లు పాలిచ్చి పెంచు జంతువునకు నష్టము పూడ్చుకొనుటకు కాలము కావలెను. నేడు మానవుడు వాతావరణములో చేర్చిన వాయువులవలన పెరిగిన వేడిలో నూటికి 90 పాళ్లకు పైగా సముద్రములే గ్రహించుచున్నవి. పైనీరు వేడెక్కినకొలది క్రింది చల్లని నీటితో కలియుట కష్టమగును. గాలపగోస్ బొచ్చు సీలు ఇప్పటికే అంతరించు ప్రమాదము గల జాతుల పట్టికలో నున్నది. చెడ్డ సంవత్సరముల నడుమ ఎడము తగ్గినచో, కూనలు పెరిగి తల్లులగుటకు వ్యవధి యుండదు. తల్లి సీలు ఎంత కష్టించినను, తిరిగివచ్చు దారి పొడవును నిర్ణయించునది సముద్రమే.