గన్‌డమ్‌ను నిలబెట్టిన అభిమానం

1979 ఏప్రిల్ 7న జపాన్‌లో నగోయా టీవీ 'మొబైల్ సూట్ గన్‌డమ్' అనే యానిమే ధారావాహికను మొదలుపెట్టింది. 52 భాగాలు తీయాలనుకున్నారు. రేటింగ్‌లు రాలేదు. ఖర్చు పెడుతున్న క్లోవర్ అనే బొమ్మల కంపెనీకి ఆశించిన అమ్మకాలూ రాలేదు. దాంతో 1980 జనవరిలో 43వ భాగంతో ముగించేశారు. మొదటి ఆట టాక్‌తోనే సినిమా తలరాత తేల్చేసే అలవాటున్న మనకు ఇక్కడ కథ అయిపోయిందనే అనిపిస్తుంది. కానీ క్లోవర్ 1983లో దివాలా తీసింది, గన్‌డమ్ మాత్రం 2025లో కూడా కొత్త సిరీస్‌తో వచ్చింది. ఈ నలభై ఆరేళ్లనూ పరిశీలిస్తే అభిమానుల స్పందన రెండు రకాలుగా కనిపిస్తుంది. ఒకటి, చూసిన వెంటనే ఇచ్చే తీర్పు. రెండోది, నచ్చిన కథ మీద ఏళ్ల తరబడి పెట్టే శ్రమ. మొదటిదాని గొంతు పెద్దది, అది పొరబడటమూ ఎక్కువే. ఒక కల్పిత ప్రపంచాన్ని తరాలపాటు బతికించేది రెండోదే.

ఆ శ్రమ ఈ కథకే ఎందుకు దక్కిందో తెలియాలంటే కథలోకి వెళ్లాలి. అప్పటిదాకా జపాన్ టీవీలో పెద్ద రోబో అంటే 1972 నాటి 'మజింగర్ జెడ్' తరహాయే: ధైర్యవంతుడైన కుర్రాడు, ఓటమి ఎరగని ఉక్కు వీరుడు, వారానికో కొత్త శత్రువు. దర్శకుడు యోషియుకి తొమినో దగ్గర రోబో ఒక యుద్ధ వాహనం. అది ఫ్యాక్టరీలో తయారవుతుంది, మందుగుండు అయిపోతే చేతులెత్తేస్తుంది, చెడిపోతే మెకానిక్‌లు కూర్చుని బాగుచెయ్యాలి. భూమికి దూరంగా అంతరిక్షంలో కట్టిన కాలనీల్లో జనం బతుకుతుంటారు. వాటిలో జియాన్ అనే వర్గం స్వాతంత్ర్యం ప్రకటించుకుని భూమి ప్రభుత్వం మీద యుద్ధానికి దిగుతుంది. నెల రోజులు దాటేసరికి మానవజాతిలో సగం నశించిపోతుంది. అలాంటి యుద్ధంలో అనుకోకుండా చిక్కుకున్న పదిహేనేళ్ల అమురో రే భయపడతాడు, అలుగుతాడు, ఇక పోరాడనని మొరాయిస్తాడు. శత్రుపక్షాన ఉన్న చార్ అజ్నబుల్ మనసులో తన పాలకుల మీదే పగ ఉంది. ఇంత బరువైన కథను శనివారం సాయంత్రం ఐదున్నరకు, చిన్నపిల్లల బొమ్మలు అమ్మేందుకు ఉద్దేశించిన సమయంలో వేశారు. రేటింగ్ కొలిచినది ఆ వేళకు టీవీ ముందున్న వాళ్లను. ఈ కథ కావలసిన వాళ్లను అది కొలవలేదు.

ఇందులో ఇంకో చిన్న ఏర్పాటు ఉంది. నా దృష్టిలో గన్‌డమ్ భవిష్యత్తును మలుపు తిప్పింది అదే. రాడార్లు, క్షిపణులు ఉన్న కాలంలో రోబోలు ఎదురెదురుగా నిలబడి కత్తులు దూయడమేమిటి? దీనికి జవాబుగా రచయితలు 'మినోవ్‌స్కీ కణాలు' అనే కల్పిత పదార్థాన్ని పుట్టించారు. అవి వ్యాపించిన చోట రాడార్ పనిచేయదు. కాబట్టి కంటితో చూసి, దగ్గరికి వెళ్లి కొట్టాల్సిందే. సైన్సుగా ఇది నిలుస్తుందా అన్నది వేరే ప్రశ్న. ఒక ప్రశ్నకు కారణం చెప్పిన కథ, మిగతా ప్రశ్నలు అడిగే చనువు కూడా ప్రేక్షకుడికి ఇస్తుంది. ఆ కాలనీలు ఎలా తిరుగుతాయి, జియాన్ సైన్యంలో ఏ రోబో ఏ ఏడాది తయారైంది, శూన్యంలో రోబో ఎటు తిరగాలన్నా చేతులూ కాళ్లూ ఎలా ఊపాలి అని అభిమానులు అడగడం మొదలుపెట్టారు. జవాబులూ వాళ్లే రాసుకున్నారు. 1981లో వెలువడిన 'గన్‌డమ్ సెంచరీ' అనే పుస్తకం ఇలాంటి ఆలోచనలను పేర్చి పెట్టింది. అందులోని సంగతులు చాలావరకు తర్వాత అధికారిక కథలోనే కలిసిపోయాయి.

మొదట ఈ కథను గుండెకు హత్తుకున్న వాళ్లలో స్కూలు వయసు అమ్మాయిలు ఎక్కువ. ఆ తర్వాత కాలేజీ కుర్రాళ్లు వచ్చారు. 'యానిమెక్', 'ఔట్' లాంటి పత్రికలు పేజీల కొద్దీ చర్చలు నడిపాయి. పునఃప్రసారాలకు ఆదరణ పెరిగింది. టీవీ భాగాలను కుదించి మూడు సినిమాలుగా విడుదల చేయాలని నిర్ణయించారు. మొదటి సినిమా రావడానికి కొన్ని వారాల ముందు, 1981 ఫిబ్రవరి 22న టోక్యోలోని షింజుకు స్టేషన్ బయట పదివేల మందికి పైగా యువత చేరారు. తొక్కిసలాట జరుగుతుందేమోనని తొమినో స్వయంగా మైకు పట్టుకుని వాళ్లను శాంతపరచాల్సి వచ్చింది. యానిమేకు కొత్త శకం మొదలైందని ఆనాడు ఒక ప్రకటన చదివారు. చదివినవాళ్లు ఇద్దరు అభిమానులు, పాత్రల వేషాల్లో ఉన్నారు. వారిలో ఒకరైన మమోరు నగానో నాలుగేళ్లకే, 1985లో వచ్చిన 'జీటా గన్‌డమ్' కోసం రోబోలకు రూపకల్పన చేశాడు. చూసేవాడు చేసేవాడయ్యాడు.

ఈ వాదనకు బలమైన అభ్యంతరం ఒకటుంది. గన్‌డమ్‌ను బతికించింది ప్రేమ కాదు, ప్లాస్టిక్ అని కొందరంటారు. 1980 జులైలో బందాయ్ కంపెనీ 300 యెన్ల ధరకు చిన్న గన్‌డమ్ మోడల్ కిట్ తెచ్చింది. ముక్కలు విడదీసి మనమే అతికించుకునే ఆ కిట్లకు గన్‌ప్లా అని పేరు. 2021 నాటికి అలాంటివి 70 కోట్లకు పైగా మార్కెట్‌లోకి వెళ్లాయి. ఆ డబ్బు లేకుండా ఒక్క కొత్త సిరీస్ కూడా వచ్చేది కాదు, ఒప్పుకోవాల్సిందే. ఆ వ్యాపారానికి చేదు ముఖం కూడా ఉంది. 1982 జనవరిలో చిబా ప్రాంతంలోని ఒక దుకాణంలో ఈ కిట్ల కోసం ఎగబడి ఎస్కలేటర్ మీద పిల్లలు గాయపడ్డారు. అయితే క్లోవర్ కూడా బొమ్మల కంపెనీయే, అదే రోబోను అదే పిల్లలకు అమ్మింది. తేడా ఎక్కడొచ్చింది? క్లోవర్ అమ్మింది ఆడుకునే బొమ్మ. బందాయ్ ఇచ్చింది తెరమీద కనిపించిన యంత్రానికి కొలత ప్రకారం చేసిన నమూనా. అభిమానులు దాన్ని పెట్టెలో ఉన్నట్టుగా వదల్లేదు. బురద మరకలు, తూటా దెబ్బలు, తుప్పు రంగు వేశారు. కథలో లేని కొత్త రకాలను చెక్కారు. 'హాబీ జపాన్' పత్రిక వాళ్ల పనిని పుస్తకంగా వేసింది. ఆ ఊపు చూసి 1983లో బందాయ్ కూడా తెరమీద కనిపించని రోబోలతో ఒక కిట్ల వరుస తెచ్చింది. వాటిలో కొన్ని తర్వాతి టీవీ సిరీస్‌లలోకి ఎక్కాయి. డబ్బు బందాయ్ పెట్టింది నిజమే, కానీ ఏం చెయ్యాలో చూపింది మోడల్ కట్టుకున్న చేతులు.

అలాగైతే అభిమానులు చెప్పినట్టల్లా తీస్తే సరిపోతుందా? సరిపోదు. 1994లో యసుహిరో ఇమగావా 'జీ గన్‌డమ్' తీశాడు. ఇందులో యుద్ధం లేదు, అంతరిక్ష రాజకీయం పలచబడింది. దేశానికో రోబో చొప్పున వచ్చి కుస్తీ పోటీలో తలపడతాయి. నెదర్లాండ్స్ రోబో ఏకంగా గాలిమర ఆకారంలో ఉంటుంది. పాత అభిమానులు మండిపడ్డారు. ఇది గన్‌డమ్ కానే కాదన్నారు. వాళ్ల మాట విని ఆపేసి ఉంటే ఏం పోయేదో తర్వాతి చరిత్ర చెబుతుంది. పాత కాలక్రమంతో సంబంధం లేకుండా గన్‌డమ్ పేరుతో కొత్త ప్రపంచాలు కట్టవచ్చని ఈ సిరీస్ నిరూపించింది. మరుసటి ఏడాదే వచ్చిన 'గన్‌డమ్ వింగ్' ఆ దారిలోదే. 2000లో అమెరికా టీవీలో వచ్చిన ఆ సిరీస్‌తోనే అక్కడ ఒక తరం గన్‌డమ్‌ను తెలుసుకుంది. ఇవాళ జీ గన్‌డమ్‌ను ప్రాణంగా చూసుకునేవాళ్లు ఎందరో. నాటి కోపం నిజాయతీగలదే. అయినా ఆ తీర్పు తప్పు.

అంతమాత్రాన అభిమానుల కోపాన్నంతా తోసిపుచ్చలేం. 2022 అక్టోబరులో మొదలైన 'ద విచ్ ఫ్రం మెర్క్యురీ' గన్‌డమ్ ప్రధాన టీవీ సిరీస్‌లలో తొలిసారి ఒక అమ్మాయిని కథానాయికగా నిలిపింది. సులెట్టా అనే ఆ అమ్మాయికి మొదటి భాగంలోనే మియోరినే అనే మరో అమ్మాయితో నిశ్చితార్థం జరుగుతుంది. ఇద్దరు ఆడపిల్లలు పెళ్లాడటం తమ లోకంలో వింతేమీ కాదని మియోరినే అక్కడే చెప్పేస్తుంది. 2023 జులైలో చివరి భాగం ఇద్దరి వేళ్లకూ ఉంగరాలు చూపించి ముగిసింది. ఆ నెలలోనే 'గన్‌డమ్ ఏస్' పత్రికలో సులెట్టాకు గొంతునిచ్చిన నటి ఇంటర్వ్యూ వచ్చింది. అచ్చు ప్రతిలో వాళ్లకు పెళ్లయినట్టు ఉన్న మాట డిజిటల్ ప్రతిలో మాయమైంది. విమర్శలు రాగా, ఆ సంగతి ప్రేక్షకుల అవగాహనకే వదిలేస్తున్నామని నిర్మాణ కంపెనీ ప్రకటించింది. దేశదేశాల అభిమానులు దానికి ఆగ్రహించారు, అందులో న్యాయముంది. 1994లో కోప్పడినవాళ్లు కొత్త కథను పాత కథతో కొలిచారు. 2023లో కోప్పడినవాళ్లు మొదటి భాగం నుంచి చివరి ఉంగరం దాకా తెరమీదున్న సాక్ష్యాన్ని చూపించి, మీరు తీసినదాన్ని మీరే ఎందుకు దాటవేస్తున్నారని అడిగారు. నిర్మాతలు వినవలసిన కోపం ఈ రెండో రకం.

అభిమానం ముదిరితే కొత్తవాళ్లను వాకిట్లోనే ఆపేసే కాపలాగా మారుతుందన్న భయమూ ఉంది. అది ఉత్తుత్తి భయం కాదు, నలభై ఏళ్ల కాలక్రమాన్ని కంఠస్థం చేసినవాళ్ల మధ్య కొత్తగా వచ్చినవాడు నోరు విప్పడానికి జంకుతాడు. కానీ ఎక్కువ తెలిసినవాళ్లే తలుపు తెరిచిన సందర్భమూ ఉంది. 1988 నాటి 'చార్స్ కౌంటర్ అటాక్' అనే గన్‌డమ్ సినిమాకు పనిచేసిన హిదెయాకి అన్నో, అయిదేళ్ల తర్వాత ఆ సినిమా గురించి తోటి కళాకారులతో మాట్లాడి, తొమినోను ప్రశ్నించి ఒక అభిమాన సంచికకు సంపాదకత్వం వహించాడు. 1995లో 'ఎవాంజెలియన్' తీసి ప్రపంచమంతా పేరు తెచ్చుకున్నది ఈ అన్నోయే. 2025లో ఆయన స్టూడియో ఖారా, గన్‌డమ్ నిర్మాణ సంస్థ సన్‌రైజ్‌తో కలిసి 'గన్‌డమ్ జీక్వాక్స్' చేసింది. దర్శకుడు కజుయా త్సురుమకి, రచయితల్లో ఒకరు అన్నో. 1979 కథలో గన్‌డమ్ అమురో చేతికి కాక చార్ చేతికి చిక్కి ఉంటే, జియాన్ గెలిచి ఉంటే ఏమయ్యేదన్నది అందులో ఊహ. అభిమానులు తమలో తాము వేసుకునే ప్రశ్నే అది. దాన్ని పట్టుకుని, పాత కథ తెలియని కొత్త ప్రేక్షకులను కూడా పిలిచే కథగా మలిచారు. అది నచ్చని పాత అభిమానులు ఉన్నారు, ఉండనివ్వండి, వాళ్ల మాట తేలడానికి ఇంకా కాలం ఉంది.

2025లో 'డీమన్ స్లేయర్' సినిమా తెలుగు డబ్బింగ్‌తో మన థియేటర్లలోకి వచ్చింది. ఇకపై యానిమే మనకు దూరపు సరుకు కాదు. గన్‌డమ్ చూడాలనుకునేవాళ్లు ఎక్కణ్నుంచి మొదలుపెట్టాలా అని తికమకపడనక్కర్లేదు. 1981, 1982లలో వచ్చిన ఆ మూడు సినిమాలు కలిపి ఏడు గంటలలోపే. ముందు అవి చూసి, ఆ తర్వాత జీక్వాక్స్ చూడండి. నచ్చకపోతే నచ్చలేదని చెప్పండి, కానీ మూడో సినిమా అయ్యాక చెప్పండి.