ఎడమచేతి గ్లోవ్‌కి రెండు కోట్లు

ఉత్త గ్లోవ్. అదీ ఒక చేతికే. తెల్లటి గుడ్డ మీద మెరుపురాళ్ళు. జత లేని తొడుగును ఏ దుకాణంవాడూ అమ్మజూపడు, అమ్మినా కొనేవాడుండడు. 2009 నవంబరులో న్యూయార్క్ టైమ్స్ స్క్వేర్‌లోని హార్డ్‌రాక్ కేఫ్‌లో జూలియన్స్ సంస్థ దీన్ని వేలానికి పెట్టింది. నలభై నుంచి అరవై వేల డాలర్లు పలుకుతుందని అంచనా వేసుకున్నారు. పాట 3,50,000 డాలర్ల దగ్గర ఆగింది. పన్నులు, వేలం సంస్థ రుసుము కలిపితే 4,20,000. అప్పటి మారకం లెక్కన మన డబ్బులో దాదాపు రెండు కోట్లు.

అది మైకేల్ జాక్సన్ గ్లోవ్. ఆయన పోయి అప్పటికి ఐదు నెలలు.

ఆయన గ్లోవులు చాలానే ఉన్నాయి. టూరు టూరుకీ కుట్టించుకునేవాడు. ఈ ఒక్కదానికి అంత ధర ఎందుకంటే ఇది 1983 మార్చి 25 నాటిది. మోటౌన్ రికార్డుల సంస్థ పాతికేళ్ళ పండగ ఆ రోజు పాసడీనా సివిక్ ఆడిటోరియంలో జరిగింది. అన్నదమ్ములతో కలిసి పాత పాటలు పాడి, వాళ్ళు తప్పుకున్నాక జాక్సన్ ఒక్కడే నిలబడి ‘బిల్లీ జీన్’ అందుకున్నాడు. మధ్యలో కొన్ని క్షణాలు ముందుకు నడుస్తున్నట్టు కనిపిస్తూనే వెనక్కి జారాడు. జాక్సన్ మూన్‌వాక్ జనం ముందుకొచ్చింది అప్పుడే. మే 16న టీవీలో వేశాక ఇక చెప్పేదేముంది! నల్ల దుస్తుల మనిషి చేతికి ఆ తెలుపు మెరుస్తుంటే, చివరి వరసలో కూర్చున్నవాడి చూపు కూడా ఆ చేతి వెంటే పోతుంది. షోకు కోసమే వేసుకున్నాడనుకుంటే పొరపాటు. స్టేజీ మీద అదీ ఒక పనిముట్టే.

మరి ఇది ఆనాటి గ్లోవే అని నమ్మడం ఎలా? వేలంలో అసలు సరుకు ఈ ప్రశ్నకు జవాబే. కమొడోర్స్ సంగీత బృందంలోని వాల్టర్ ఆరెంజ్ ఆ కార్యక్రమంలో జాక్సన్‌ను ఆటోగ్రాఫ్ అడిగితే, ఆయన గ్లోవే తీసి ఇచ్చాడని వేలంవాళ్ళు చెప్పిన వైనం. ఆ చేతి నుంచి ఈ చేతికి, అక్కడి నుంచి వేలం బల్ల మీదికి. మధ్యలో గొలుసు తెగలేదు. పొలం కొనేవాడు లింకు డాక్యుమెంట్లు అడిగినట్టే, ఈ వ్యాపారంలోనూ ఎవరి నుంచి ఎవరికి చేరిందన్నదే చూస్తారు. కాగితం లేకపోతే పాత ఫోటోలను పెద్దవి చేసి, రాళ్ళ వరసల్ని, కుట్ల వంకరల్ని పోల్చుకుంటారు. యంత్రంలా సమంగా కుట్టిన దానికంటే ఎక్కడో ఒక రాయి పక్కకి జరిగినదే ఇక్కడ ఎక్కువ పనికొస్తుంది.

ఇలాంటి స్టేజీ దుస్తుల్ని శుభ్రం చేయాలనుకోవడం అన్నిటికన్నా పెద్ద తప్పు. కాలర్‌కు అంటిన మేకప్, చంకల కింద చెమట మరక: మన ఇంట్లో అయితే నానబెట్టి ఉతికేస్తాం. అక్కడ అవే సాక్ష్యాలు. ఉతికితే ధర కూడా సబ్బునీళ్ళతోనే పోతుంది.

2011లో జాక్సన్ ‘థ్రిల్లర్’ వీడియో ఎర్ర తోలు జాకెట్ వేలంలో 18 లక్షల డాలర్లకు పోయింది. దాన్ని డిజైన్ చేసింది డెబొరా నాడూల్మన్ లాండిస్. ఆ జాకెట్ పోకడ మన దాకా కూడా వచ్చింది. 1985లో ‘దొంగ’ సినిమాలో ‘గోలీమార్’ పాట చూసినవాళ్ళకు వేరే చెప్పక్కర్లేదు. చిరంజీవి ఎర్ర జాకెట్, చుట్టూ దెయ్యాలు. ఇన్నేళ్ళ తర్వాత ఇంటర్నెట్ పుణ్యమా అని విదేశాలవాళ్ళు కూడా ఆ పాటను వెతికి మరీ చూశారు. అయితే మన సినిమావాళ్ళకు కాస్ట్యూమ్ అంటే మళ్ళీ వాడుకునే సరుకు. హీరో తొడిగింది కొలతలు మార్చుకుని సైడ్ డాన్సర్ ఒంటి మీదికి చేరడం మామూలే. అది పిసినారితనమని నేననను. ప్రొడ్యూసర్‌కు తరవాతి పాట ఖర్చు గుర్తుంటుంది, వేలంపాట కాదు.

ఇక మోటౌన్ రాత్రి గ్లోవ్‌ను కొన్నది హాంకాంగ్ వ్యాపారి హాఫ్‌మన్ మా. మకావులోని పోంటె 16 రిసార్ట్ కోసం కొన్నాడు. కేసినోకు వచ్చే జనానికి అదొక ఆకర్షణ. ఇంకో గ్లోవ్ కథ ఇంకా విచిత్రం. ‘బ్యాడ్’ టూరు నాటి గ్లోవ్‌ను ఈక్వటోరియల్ గినీ అధ్యక్షుడి కొడుకు కొన్నాడు. అది అవినీతి సొమ్మని అమెరికా ప్రభుత్వం కోర్టుకెక్కింది. అక్కడ సివిల్ జప్తు కేసుల్లో ఆస్తినే ప్రతివాదిగా రాస్తారు కాబట్టి, కేసు పేరే ‘అమెరికా వర్సెస్ ఒక తెల్లని బ్యాడ్ టూర్ గ్లోవ్’ అన్నట్టుగా నమోదైంది! 2014లో రాజీ కుదిరింది.

పిల్లలపై లైంగిక దాడి చేశాడన్న ఆరోపణలు కూడా జాక్సన్ వస్తువుల వెంటే వస్తాయి. 2005లో కోర్టు జాక్సన్‌ను నిర్దోషిగా వదిలింది. 2019లో ఇద్దరు తమ ఆరోపణలను ఒక డాక్యుమెంటరీలో చెప్పాక, ఇండియానాపోలిస్ పిల్లల మ్యూజియం ఆయన టోపీని, గ్లోవ్‌ను ప్రదర్శన నుంచి తీసేసింది. పిల్లల కోసం నడిపే చోట అది సరైన పనే అనుకుంటాను. వేలంశాల లెక్క మాత్రం వేరు. 2023 సెప్టెంబరులో పారిస్‌లో, మోటౌన్ రాత్రి మూన్‌వాక్‌కు ముందు జాక్సన్ తల మీంచి తీసి పారేసిన నల్లటోపీ 77,640 యూరోలకు అమ్ముడుపోయింది.