ఇల్లు కాలేటప్పుడు బావి తవ్వితే ఏం లాభం?

ఫైరింజను వచ్చేదాకా వూరే కాపాడుకోవాలి

నాగల్‌గిద్ద: పత్తి ఏరడం అయిపోయి, కంది కొట్టడం ముగిసి, కట్టె అంతా ఇళ్లకు చేరే రోజులు వచ్చాయంటే ఈ సరిహద్దు మండలంలో పెద్దవాళ్లకు ఒక దిగులు పట్టుకుంటుంది. కొట్టం పక్కన జొన్నచొప్ప, వాకిట్లో పత్తికట్టె, చూరు కింద పిడకలు, నడింట్లో ధర కోసం ఆపిన పత్తి. పైన మండే ఎండ, మధ్యాహ్నం తిరగగానే గాలి. ఎవరో పారేసిన ఒక బీడీ ముక్క చాలు, ఏడాది కష్టం బూడిద కావడానికి.

నాగల్‌గిద్ద 2016లో కొత్త మండలంగా ఏర్పడింది. నారాయణఖేడ్ డివిజనులో, కర్ణాటకలోని బీదరు జిల్లా అంచున వుంది. వూళ్లు, తండాలు ఒకదానికొకటి దూరం. ఫైరింజను పట్టణం నుంచి రావలసిందే. అది ఎంత వేగంగా వచ్చినా, గాలి తోడయిన గడ్డికప్పు అంతసేపు ఆగదు. కాబట్టి మొదటి పది నిమిషాలూ వూరి చేతిలోనే వున్నాయి. ఆ పది నిమిషాల్లో ఏం చేయాలో ముందే తెలిసి వుంటే ఒక్క గుడిసెతో పోతుంది. తెలియకపోతే వాడంతా పోతుంది.

ట్యాంకరు నిండుగా వుందా?

పల్లె ప్రగతి కార్యక్రమం కింద గ్రామ పంచాయతీలకు ట్రాక్టర్లు, నీళ్ల ట్యాంకర్లు సమకూరాయి. మొక్కలకు నీళ్లు పోసే ఆ ట్యాంకరే అవసరానికి వూరి ఫైరింజను కాగలదు. అయితే వేసవిలో దాన్ని రాత్రిపూట ఖాళీగా నిలపకూడదు. నింపి వుంచాలి. ట్రాక్టరు తాళం ఎవరి దగ్గర వుంటుందో పదిమందికీ తెలియాలి. ప్రతి ఇంటి ముందు ఒక తొట్టి నీళ్లు, ఒక బకెట్టు ఇసుక వుంటే ఖర్చేమీ లేదు.

అగ్నిమాపక కేంద్రానికి 101, ఏ ఆపదకైనా 112, అంబులెన్సుకు 108 నంబర్లు. సరిహద్దు వూళ్లలో సెల్‌ఫోను ఒక్కొక్కసారి అవతలి రాష్ట్రం టవరు అందుకుంటుంది. అప్పుడు పిలుపు అటు వెళ్లే అవకాశం వుంది. అందుచేత ఫోను ఎత్తగానే తెలంగాణ, సంగారెడ్డి జిల్లా, నాగల్‌గిద్ద మండలం, ఫలానా వూరు అని వరుసగా చెప్పాలి. వూరి మొదట్లో ఒక మనిషిని నిలబెట్టి దారి చూపాలి. తండాకు పోయే బాట మీద ఎడ్లబండి గాని, ట్రాలీ గాని అడ్డం లేకుండా చూడాలి.

గుడిసె, కొట్టం, కల్లం

గడ్డివాము, కట్టెల కుప్ప ఇంటి గోడకు ఆనించి వేయడం ఈ ప్రాంతంలో పాత అలవాటు. చేతికి దగ్గరగా వుంటుందని అలా వేస్తారు. నిప్పుకు కూడా అదే దగ్గర దారి. వాము ఇంటికి దూరంగా, గాలి ఇంటివైపు వీయని దిక్కున, కరెంటు తీగల కింద కాకుండా వేయాలి. పశువులను తేలికగా వూడే ముడితో కట్టాలి. మంట లేచినప్పుడు పలుపు విప్పే తీరిక వుండదు. పక్కన కొడవలి వుంటే ఒక్క వేటుకు తెగుతుంది.

గుడిసె అంటుకుంటే ముందు మనుషులు, తరువాత పశువులు, ఆ తరువాతే సామాను. పెట్టె కోసం తిరిగి లోపలికి పోయినవారు బయటికి రాలేని సందర్భాలు ఎన్నో. పట్టా పాసుపుస్తకం, ఆధార్, రేషను కార్డు, పిల్లల సర్టిఫికెట్ల నకళ్లు బంధువుల ఇంట్లో ఒక జత వుంచితే ఆ ఆరాటం వుండదు. మంట పెద్దదయితే కాలే గుడిసె మీద నీళ్లు వృథా చేయకుండా, గాలివాలు వున్న పక్క గుడిసె కప్పు తడపాలి. తప్పదనుకుంటే ఆ కప్పు లాగి పడేయాలి.

పత్తి సంగతి వేరు. ఏటా ఏప్రిల్ 14 నుంచి దేశమంతటా అగ్నిమాపక వారోత్సవాలు జరుగుతాయి. 1944లో అదే తేదీన బొంబాయి రేవులో పత్తి బేళ్లు, పేలుడు సామగ్రి కలిపి మోసుకొచ్చిన ‘ఫోర్ట్ స్టికీన్’ అనే ఓడ అంటుకొని పేలింది. ఆర్పబోయిన అగ్నిమాపక సిబ్బందిలో 60 మందికి పైగా చనిపోయారు. వారి స్మృతికే ఈ వారోత్సవాలు. పత్తి కుప్పలో నిప్పు లోలోపల రాజుకుంటుంది. పైన నీళ్లు చల్లితే ఆరినట్లే కనబడి, గంటల తరువాత మళ్లీ లేస్తుంది. కుప్పను బయటికి లాగి, విడదీసి, పూర్తిగా తడిపితే గాని నమ్మరాదు. పత్తి నింపిన గదిలో పొయ్యి, దీపం, పడక మూడూ పనికిరావు.

దసరా, దీపావళి దాటగానే తండాల నుంచి కుటుంబాలు చెరకు నరికే పనికి వలస పోతాయి. తోటల పక్కన చెరకు ఆకుతో వేసుకున్న గుడిసెలోనే కాపురం, దాని ముందే కట్టెల పొయ్యి. ఇంతకంటె ప్రమాదకరమైన ఇల్లు లేదు. గుడిసె చుట్టూ నాలుగు బారల మేర ఆకు తీసి నేల చెక్కాలి. పొయ్యి గాలివాలు దిక్కున, దూరంగా పెట్టాలి. వంట కాగానే నీళ్లు పోసి ఆర్పాలి. పసిపిల్లలను లోపల వుంచి బయట గొళ్లెం పెట్టి పనికి పోవడం మాత్రం ఎన్నడూ చేయరాదు.

వంటింట్లో

గ్యాసు గాలికంటె బరువు. కారితే పైకి పోదు, నేల మీద పరుచుకొని మూలల్లో నిలుస్తుంది. వాసన రాగానే లైటు వేయకూడదు, వేసిన లైటు ఆర్పకూడదు. స్విచ్చి కదిపితే వచ్చే రవ్వ చాలు. రెగ్యులేటరు కట్టి, తలుపులు తెరిచి, అందరూ బయటికి వచ్చి 1906 నంబరుకు చెప్పాలి. రబ్బరు గొట్టం అయిదేళ్లకొకసారి మార్చాలి. పగులు కనబడితే ఆ రోజే మార్చాలి. ప్రమాదం జరిగితే చమురు కంపెనీల బీమా వర్తిస్తుంది. అందుకు వెంటనే డీలరుకు రాసి ఇవ్వాలి.

మూకుట్లో నూనె అంటుకుంటే నీళ్లు పోయరాదు. నీరు ఆవిరయితే సుమారు 1,700 రెట్లు వుబ్బుతుంది. కాలే నూనెను కప్పుదాకా ఎగజిమ్ముతుంది. పొయ్యి ఆర్పి మూత పెడితే గాలి అందక మంట చస్తుంది.

కరెంటు మంటకూ నీళ్లు శత్రువే. ముందు మెయిను ఆపాలి. ఫ్యూజు మాటిమాటికీ పోతుందని లావు తీగ చుట్టడం ఇంటికి నిప్పు పెట్టుకోవడమే. తీగ తెగిపడితే దగ్గరకు పోకుండా, ఎవరినీ పోనీయకుండా 1912కు ఫోను చేయాలి.

బట్టలంటుకున్న మనిషి పరుగెత్తితే గాలికి మంట పెరుగుతుంది. నేల మీద పడుకోబెట్టి దొర్లించాలి. ఇంట్లో గొంగడి వుంటే అదే మందు. వున్ని తొందరగా అంటుకోదు. కప్పి బిగిస్తే మంట ఆగుతుంది. నైలాను, పాలియెస్టరు బట్ట కరిగి ఒంటికి అతుక్కుంటుంది గనుక పొయ్యి దగ్గర నూలు బట్ట మేలు.

బడిలో

2004 జూలై 16న తమిళనాడులోని కుంభకోణంలో ఒక బడి వంటశాలలో లేచిన మంట తాటాకు కప్పుకు పాకి 94 మంది పిల్లలను పొట్టన పెట్టుకున్నది. ఇరుకు మెట్లు వారికి దారి ఇవ్వలేదు. ఆ తరువాత 2009లో సుప్రీంకోర్టు బడులన్నిటిలోనూ అగ్నిప్రమాద రక్షణ ఏర్పాట్లు తప్పనిసరి అని ఆదేశించింది.

మధ్యాహ్న భోజనం వండే పొయ్యి తరగతి గదికి దూరంగా వుందా, కట్టెలు వరండాలో పేర్చారా, బడి వేళల్లో గేటుకు తాళం వుందా అన్నది తల్లిదండ్రులు పోయి చూడవచ్చు, అడగవచ్చు. నెలకొకసారి గంట వరుసగా మోగించి, పిల్లలను వరుసలో ఆటస్థలానికి తెచ్చి హాజరు పిలిస్తే చాలు. పది నిమిషాల పని. పొగ నిండితే వంగి, నేలకు దగ్గరగా పాకుతూ రావాలని కూడా నేర్పాలి. మంటకంటె ముందు చంపేది పొగ. 2025 మే 18న హైదరాబాదు గుల్జార్ హౌజ్ దగ్గర ఒక ఇంట్లో 17 మంది చనిపోయారు. వారిలో చాలామంది పొగకే బలయ్యారు.

పనికి పోయినచోట

ఈ జిల్లాలోనే పాశమైలారంలో 2025 జూన్ 30 ఉదయం సిగాచీ పరిశ్రమలో పేలుడు జరిగి 50 మందికి పైగా కార్మికులు ప్రాణాలు కోల్పోయారు. మందుబిళ్లల్లో వాడే మెత్తటి సెల్యులోజు పొడి తయారయ్యే చోటు అది. మృతులను గుర్తించడానికి డి.ఎన్.ఎ. పరీక్షలు చేయవలసి వచ్చింది. కొందరి ఆనవాలు కూడా దొరకలేదు.

పిండి, పంచదార వంటి కాలే పొడి ఏదైనా మూసిన గదిలో గాలిలో తేలుతున్నప్పుడు రవ్వ తగిలితే పేలగలదు. పనిలో చేరిన రోజే బయటికి దారులెన్ని, ఆపద గంట ఎక్కడ, బయటికి వచ్చినవారు చేరవలసిన చోటేది అని అడిగి తెలుసుకోవాలి. అడగడం తప్పు కాదు, హక్కు. వూరు విడిచేవారు పరిశ్రమ పేరు, షిఫ్టు, మేస్త్రీ ఫోను నంబరు కాగితం మీద రాసి ఇంట్లో పెట్టి పోవాలి. కన్నవాళ్లకు ఆ కాగితమే ఆధారం.

కాలిన ఒంటికి

కాలినచోట చల్లని శుభ్రమైన నీళ్లు 20 నిమిషాలపాటు పోయాలి. వాపు రాకముందే గాజులు, వుంగరాలు తీయాలి. అంటుకున్న బట్ట పీకరాదు, బొబ్బలు చిదమరాదు. పేస్టు, సిరా, పసుపు, నూనె పూయరాదు. వుతికిన బట్ట కప్పి ఆసుపత్రికి చేర్చాలి.

ఇల్లు కాలి ఒకరు ఏడుస్తుంటే చుట్టకు నిప్పు అడిగినవాడి సామెత అందరికీ తెలిసిందే. మన వాడకు రాలేదు కదా అని కూర్చోవడమూ అటువంటిదే. ఎండలు ముదరకముందే ఒక సాయంత్రం గ్రామసభలో కూర్చొని ట్యాంకరు ఎవరు తోలాలి, ఫోను ఎవరు చేయాలి, ముసలివారిని ఎవరు బయటికి తేవాలి అని పేరుపేరునా పంచుకుంటే చాలు. బావి ముందే తవ్వుకున్నట్లే.