పురుగును తిను పురుగు

సేద్యము చేయువారికి పురుగు అనగానే శత్రువు స్ఫురించుట సహజము. కాని తోటలోని పురుగులన్నియు ఒక్క పక్షమునకు చెందినవి కావు. మొక్కను తినునవి కొన్ని. ఆ పురుగులను పట్టి తినునవి మరికొన్ని. ఈ రెండవ తెగను గుర్తెరుగక, మందు చల్లి మన మిత్రులను మనమే చంపుకొనుచున్నాము. ఆ మిత్రులను గూర్చియే నేడు ముచ్చటింపదలచితిమి.

సంగారెడ్డి జిల్లాలోని నారాయణఖేడ్ ప్రాంతమున కంది, ప్రత్తి, జొన్న వంటి పైరులు పండును. బావి క్రింద కొద్దిపాటి తడి గల రైతు అందులో వంగయో, బెండయో, టమాటయో వేసి సంతకు పంపును. ఇంటి దినవెచ్చమునకు చేతికి వచ్చు రొక్కము తరచు అదియే. అట్టి మడిలో లేత ఆకుల అడుగున పేనుబంక కనబడిననాడు అతని చేయి మందుడబ్బాపైకి పోవుట వింత కాదు. అయినను ఆ ఆకును త్రిప్పి ఒక్క నిమిషము నిదానముగా చూడుడని మా మనవి.

పేనుబంక నడుమ కందిబద్దంత గుండ్రని పురుగు కనబడవచ్చును. ఎఱ్ఱని లేక పసుపువన్నె రెక్కలపై నల్లని గుర్తులతో నిగనిగలాడు ఇది అక్షింతల పురుగు. దాని పిల్లపురుగు నల్లగా, పొడుగుగా, నారింజ మచ్చలతో తల్లికి ఏ పోలికయు లేక యుండును. అందుచే చాలమంది దానిని చీడయని నలిపివేయుదురు. నిజమునకు అది పెరుగులోపల వందలకొలది పేనుబంకను ఆరగించును.

ఇచ్చట ఒక చిక్కు గలదు. వంగ ఆకును గీకి జల్లెడవలె చేయు చీడను గూడ మన రైతులు అక్షింతల పురుగు అనియే పిలుతురు. పేరు ఒకటి, గుణము వేరు. చీడపురుగు రెక్కలపై సన్నని నూగు ఉండుటచే మెరుపు ఉండదు. చుక్కలు అధికము, ఒక జాతికి 28 వరకు ఉండును. పిల్లలు పసుపువన్నె కలిగి ఒడలెల్ల ముళ్లతో నుండును. మిత్రునికి మెరుపు గలదు, పిల్లకు అట్టి ముళ్లు లేవు. ఈ భేదము తెలిసినచో సగము పని అయినట్లే.

రెండవ మిత్రుడు అల్లిక రెక్కల పురుగు. ఇది సన్నని వెంట్రుకవంటి కాడల కొనలపై ఒక్కొక్క గ్రుడ్డును నిలుపును. పిల్లపురుగు కొడవలివంటి కోరలతో పేనుబంకను, తామరపురుగులను, ఇతర పురుగుల గ్రుడ్లను పట్టి రసమును పీల్చును. సాలీళ్లు, గొల్లభామలు, సిర్ఫిడ్ ఈగల పిల్లలు గూడ ఈ సేనలోనివే.

మరి మందు చల్లిన ఏమగును? పేనుబంక మగదాని కలయిక లేకయే పిల్లలను కనును. వెచ్చని వాతావరణములో ఆ పిల్లలు వారము పది దినములకే తామును కనసాగును. అక్షింతల పురుగు గ్రుడ్డునుండి రెక్కల పురుగగుటకు సుమారు మూడు వారములు పట్టును. మందు రెండింటిని చంపును గాని, మిగిలిన కొద్ది చీడ ముందుగా లేచును. దానిని అడ్డగింపవలసినవి అప్పటికి ఉండవు. అందుచే రైతు మరల చల్లును, మరల అప్పు చేయును. విషము అతని ఊపిరిలోనికి, మన కూరలోనికి చేరును.

పురుగుచే పురుగును అణచుట క్రొత్త మాట కాదు. 1888-89లో ఆల్బర్ట్ కోబెలె ఆస్ట్రేలియానుండి పంపిన కొద్ది వందల అక్షింతల పురుగులు, పొలుసుపురుగు వాతబడి నశించుచున్న కాలిఫోర్నియా నారింజ తోటలను కాపాడినవి. మన నాట ఉమ్మడి ఖమ్మం జిల్లాలోని పూనుకుల గ్రామస్థులు ఈ శతాబ్దపు తొలి సంవత్సరములలో రసాయనపు పురుగుమందులను విడిచిరి. హైదరాబాదు రాజేంద్రనగరములో 1966లో నెలకొన్న సంస్థ, ఇప్పటి జాతీయ మొక్కల ఆరోగ్య యాజమాన్య సంస్థ, మిత్రపురుగులను పెంచు విధమును నేర్పుచున్నది.

మిత్రులను కొనితెచ్చుటకు ముందు ఉన్నవానిని నిలుపుకొనవలెను. మడి చుట్టు రెండు మూడు వరుసలు జొన్న లేక మొక్కజొన్న, గట్లపై అలసంద, నడుమ కొత్తిమీర, బంతి వేయుడు. అలసందపై చేరు పేనుబంక మిత్రులకు తొలి ఆహారమగును. పూలలోని పుప్పొడి, తేనె పెద్ద పురుగులను నిలుపును. చీమలు బంకకొరకు పేనుబంకను కాచి, మిత్రులను తరుముచుండును. వానిని మొక్క ఎక్కనీయరాదు. తప్పనిసరియైనచో వేపగింజల కషాయము మేలు.

ఈ పద్ధతికి హద్దులు గలవు. వంకాయలోనికి తొలుచుకొని పోయిన పురుగును అక్షింతల పురుగు చేరజాలదు. వాడిన కొమ్మలను త్రుంచి నాశనము చేయుట, లింగాకర్షక బుట్టలు కట్టుట అచ్చట అవసరము. చీడ మితిమీరినపుడు మిత్రుల రాకకై ఊరక కూర్చుండుటయు తగదు. దినమును విడిచి దినము ఆకులను చూచి, చీడను, మిత్రులను రెండింటిని లెక్కించి నిర్ణయింపవలెను.

రేడియో గల ఇండ్లవారిలో పెరటి చిక్కుడు పాదు గలవారు పెక్కురు. రేపు ఉదయము నీరు పోయునపుడు నల్లని పేనుబంక పట్టిన ఒక రెమ్మను వంచి చూడుడు. పిల్లలను గూడ పిలిచి చూపుడు. అచ్చట నల్లని చిన్న పురుగొకటి మెల్లగా ప్రాకుచు తన పనిని చేసికొనుచున్నచో, దానిని చేయనిండు.